తల ఎవరి చేతిలో పెట్టాలి?

బార్బర్ పనితనాన్ని మనం చాలాసార్లు తప్పు సమయంలో అంచనా వేస్తాం. కటింగ్ అయిపోయింది. మెడ మీద పౌడర్ కొట్టాడు, జుట్టుకు కాస్త జెల్ రాసి దువ్వాడు, వెనక ఇంకో అద్దం పట్టి "ఓకేనా సార్?" అన్నాడు. మనం తల ఊపేస్తాం. ఆ నిమిషంలో దాదాపు ప్రతి కటింగూ బాగానే కనిపిస్తుంది. దువ్విన చెయ్యి అతనిదే, లైటూ అతనిదే. మర్నాడు తలస్నానం చేసి మన దువ్వెనతో మనం దువ్వుకున్నప్పుడు కదా సంగతి తెలిసేది!

మంచి బార్బర్ అన్న మాటలో మూడు వేరువేరు విషయాలున్నాయి. పనిముట్లు శుభ్రంగా ఉన్నాయా? ఆ చెయ్యి మన జుట్టుకు సరిపోతుందా? చేయకూడని పనులు చేయకుండా ఉంటాడా? మొదటిది కుర్చీలో కూర్చోకముందే తేల్చుకోవాలి. మూడోది కూర్చున్నాక మనం నోరు విప్పితే తేలుతుంది. రెండోది ఆ రోజు అసలు తేలదు, దానికి మూడు వారాలు పడుతుంది. ఏసీ ఉంది, కుర్చీలు కొత్తవి, మ్యాప్‌లో నాలుగున్నర స్టార్లు ఉన్నాయి అని వెళ్ళినవాళ్ళకి ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు దొరకదు. స్టార్లు షాపుకు వేస్తారు. తల మీద పనిచేసేది ఒక మనిషి. అదే షాపులో మూడో కుర్చీ దగ్గరున్నతను అద్భుతంగా చేయొచ్చు, ఒకటో కుర్చీలో చేరినతను కత్తెర పట్టి నెల కూడా కాకపోవచ్చు.

మన దగ్గర ఈ పనికి నైపుణ్య లైసెన్సు అంటూ ఏదీ లేదు. గోడ మీద ఫ్రేము కట్టిన మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ షాపుది. కత్తెర పట్టినవాడికి పని వచ్చా రాదా అన్నది దాని పరిధిలోకి రాదు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ రాష్ట్రాలే లైసెన్సు ఇస్తాయి. వందల గంటల శిక్షణ, దాని మీద పరీక్ష అయ్యాకే కుర్చీ దగ్గర నిలబడనిస్తారు. దువ్వెనలు నానబెట్టిన నీలం రంగు క్రిమిసంహారక ద్రావణం జాడీని మన విద్యార్థులు చాలామంది మొదటిసారి చూసేది అక్కడే. (టిప్పుతో కలిపి బిల్లు చూశాక ట్రిమ్మర్ కొనుక్కొచ్చి రూమ్మేట్ల తలల మీద చెయ్యి తిప్పడం నేర్చుకునేదీ అక్కడే.) ఇక్కడ చదువంతా షాపులోనే. తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో చిన్నప్పుడే చేరి, ముందు నేల ఊడ్చి, తర్వాత గడ్డాలు గీసి, ఆ తర్వాతే కత్తెర అందుకుంటారు. అలా నేర్చుకున్న చేతుల్లో చాలా గొప్పవి ఉన్నాయి. కానీ పరీక్ష పెట్టేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ పని కస్టమర్ మీదే పడుతుంది.

ముందు బ్లేడు సంగతి. రెండు వైపులా పదునున్న బ్లేడును కాగితంతో సహా మధ్యకు విరిచి, సగం ముక్కను కత్తిలో బిగించడం మన సెలూన్లలో అలవాటు. అందులో తప్పేం లేదు. రెండో సగం కాగితంలోనే ఉండి, తర్వాతివారి ముందు బయటికొస్తే చాలు. "కొత్త బ్లేడే సార్" అన్న మాట వినడం కాదు, కాగితం విప్పడం మనం చూడాలి. ఇంకో విషయం చాలామందికి తట్టదు. బ్లేడు మారినా, దాన్ని పట్టుకునే కత్తి మారదు. ఆ సందులో ముందువాళ్ళ నురగ, వెంట్రుకలు, ఒక్కోసారి కంటికి కనిపించనంత రక్తం కూడా ఉంటుంది. మంచి పనివాడు పాత బ్లేడు తీసేసి, కత్తిని కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాతే కొత్తది పెడతాడు.

బ్లేడనగానే జనం భయపడేది హెచ్ఐవీకి. ఆ వైరస్ శరీరం బయట అంత గట్టిగా నిలబడదు. నిజంగా టెన్షన్ పడాల్సింది హెపటైటిస్ బి గురించి. ఎండిపోయిన రక్తంలో కూడా అది కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. హెపటైటిస్ సి కూడా రక్తం ద్వారానే పాకుతుంది. బి రకానికి టీకా ఉంది. పెద్దలకైతే మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. పిల్లల టీకాల పట్టికలో ఇది దేశమంతటా చేరేసరికి 2011 అయింది. కాబట్టి ఇప్పుడు ముప్ఫై దాటినవాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు పడి ఉండదు. వారం వారం గడ్డం గీయించుకునేవాళ్ళు ఆ మూడు డోసులు వేయించుకోవడం, మంచి షాపు వెతుక్కోవడమంత ముఖ్యం. బార్బర్‌కైతే మరీను. రోజూ పదిమంది రక్తానికి దగ్గరగా పనిచేస్తూ తన వేళ్ళు కోసుకునేది అతనే.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు తిరుమల కల్యాణకట్టలో ఉంది. తలనీలాలు ఇచ్చేవారికి టోకెన్‌తో పాటు బ్లేడు కూడా చేతికిస్తారు. రోజూ వేలమందికి గుండు చేసే చోట, బ్లేడు ఆఖరి నిమిషం వరకూ భక్తుడి చేతిలోనే ఉంటుంది. నమ్మకం, అనుమానం అన్న గొడవే లేదు. మన వీధి సెలూన్‌లో కూడా ఒక బ్లేడు ప్యాకెట్ కొని జేబులో పెట్టుకెళ్ళి, "అన్నా, ఇది వాడు" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఖర్చు కొన్ని రూపాయలే.

పటిక గడ్డ గురించి కూడా చెప్పాలి. గీత పడ్డచోట రక్తం ఆపడానికి అది పనికొస్తుంది. కానీ ఒకే గడ్డను పొద్దుటినుంచి అందరి చెంపల మీదా రుద్దుతుంటే, ఒకరి గాయం నుంచి ఇంకొకరి గాయానికి అదే దారి. మీది మీరు తెచ్చుకోండి, లేదా స్ప్రే సీసాలో ఉన్నది కొట్టమనండి. తువ్వాలుకీ ఇదే వరస. ఇక నీలం లైటు వెలిగే స్టెరిలైజర్ పెట్టె చాలా షాపుల్లో అలంకారంగానే మిగిలింది. ఆ కాంతి సూటిగా పడినచోటే పనిచేస్తుంది. వెంట్రుకలు ఇరుక్కున్న దువ్వెనను అందులో పడేస్తే పళ్ళ సందుల్లోకి వెళ్ళదు. ముందు కడగాలి, ఆ తర్వాతే లైటైనా స్పిరిటైనా. డెటాల్ కలిపిన మగ్గులో దువ్వెన ఒకసారి ముంచి తీయడం మన తృప్తి కోసమే.

గడ్డం గీయించుకోనివాళ్ళకి ఈ బెడద లేదనుకోవడానికి వీల్లేదు. పక్కల జుట్టును కిందికి వచ్చేకొద్దీ చర్మం దాకా తగ్గించే ఫేడ్ కట్ వచ్చాక ట్రిమ్మర్ పళ్ళు నేరుగా చర్మాన్ని తాకుతున్నాయి. జీరో పెట్టినప్పుడు సన్నటి గీతలు పడతాయి, వాటిలోంచి తామర ఎక్కుతుంది. స్పెయిన్‌లో 2021 ప్రాంతంలో మెడ, చెవుల చుట్టూ దగ్గరగా కొట్టించుకునే కుర్రాళ్ళలో తలకు తామర పెరగడాన్ని అక్కడి చర్మవైద్యులు గమనించారు. మన దేశంలో తామర ఇప్పటికే మామూలు మందులకు లొంగని రకంగా మారి వైద్యులను విసిగిస్తోంది. ఇద్దరు కస్టమర్ల మధ్య ట్రిమ్మర్‌ను బ్రష్‌తో దులిపి స్పిరిట్ కొట్టడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం ఆగుతాడా లేదా అన్నదే ప్రశ్న.

దాన్ని తెలుసుకోవడం తేలిక. కొత్త షాపుకు వెళ్ళినప్పుడు కుర్చీ ఖాళీగా ఉన్నా వెంటనే ఎక్కకండి. బెంచీ మీద కూర్చుని పేపరు తిరగేస్తూ, ముందు కస్టమర్ లేచాక అతను ఏం చేస్తాడో చూడండి. గుడ్డ దులిపాడా, దువ్వెన మార్చాడా, బ్లేడు తీసి ఎక్కడ పడేశాడు? కటింగ్ ఎలా చేశాడన్నదాని కంటే, రెండు కటింగుల మధ్య అతను చేసే పని ఎక్కువ చెబుతుంది.

ఇక చెయ్యి సంగతి. బాగా చేసేవాళ్ళందరిలో ఒక అలవాటు చూశాను. నీళ్ళ స్ప్రే అందుకునే ముందు పొడి జుట్టులో ఒకసారి వేళ్ళు పోనిచ్చి, అది ఎటు పడుతోందో, సుడి ఎక్కడుందో చూస్తారు. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళు అని మనవాళ్ళు ఆటపట్టిస్తారు గానీ, బార్బర్‌కు మాత్రం రెండు సుడులంటే రెండింతల పని. సుడి దగ్గర వెంట్రుక తన దిక్కునే లేస్తుంది. అక్కడ మిగతా తలతో సమానంగా కత్తిరిస్తే నిటారుగా నిలబడుతుంది. దాని బరువుకు అదే పడుకునేంత పొడవైనా ఉంచాలి, లేదా లేవడానికి వీల్లేనంత పొట్టిగానైనా తీసేయాలి. ఆ మధ్య పొడవే నెలంతా విసిగిస్తుంది. తడిపి దువ్వినప్పుడు ఈ తేడా కనిపించదు, జెల్ రాసినప్పుడు అసలే కనిపించదు. ఉంగరాల జుట్టుదీ ఇదే కథ. తడిసినప్పుడు సాగి పొడవుగా కనిపిస్తుంది, ఆరాక ముడుచుకుని పైకి పోతుంది. ఆ జుట్టును తడిగా ఉన్నప్పుడు కొలత పెట్టి కత్తిరించేవాడికి ఉంగరాల జుట్టుతో పరిచయం తక్కువని అర్థం.

మూడు వారాల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, తల వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటర్, కాస్త అటూ ఇటూ పెరుగుతుంది. మూడు వారాలకు ఎనిమిది మిల్లీమీటర్లు వేసుకోండి. పైన ఆరు సెంటీమీటర్లున్న జుట్టుకు ఆ పెరుగుదల లెక్కలోకి రాదు. పక్కల మూడు మిల్లీమీటర్లకు కొట్టించుకున్నచోట మాత్రం మూడున్నర రెట్లు అవుతుంది. అందుకే ఫేడ్ రెండు వారాలకే ఆకారం పోగొట్టుకుంటుంది. ఆ తప్పు బార్బర్‌ది కాదు, ఆ స్టయిల్ స్వభావమే అంత. కత్తెర కటింగ్ అలా కాదు. చెయ్యి మంచిదైతే మూడు వారాలకు జుట్టు పెరిగినట్టు ఉంటుంది తప్ప చెడినట్టు ఉండదు. చెవుల వెనక గుత్తులుగా ఉబికి వచ్చినా, మిషన్ పెట్టిన భాగానికీ కత్తెర పెట్టిన భాగానికీ మధ్య మెట్టు కనబడినా, ఒక పక్క ఇంకో పక్కకంటే ముందే బరువెక్కినా, ఆ రోజు జెల్ కప్పిపుచ్చింది బయటపడిందన్నమాట. ఫొటో తీసుకోవాల్సిన సమయం అదే. వెనక నుంచి, రెండు పక్కల నుంచి. బాగా నిలిచిన కటింగ్‌కీ తీసుకోండి, చెడినదానికీ తీసుకోండి. తర్వాతిసారి బార్బర్‌కు హీరో ఫొటో కంటే మీ తల ఫొటోయే ఎక్కువ పనికొస్తుంది. హీరో పక్కన హెయిర్ డ్రెస్సర్ నిలబడి ఉంటాడు. మన పక్కన ఉండేది సిటీ బస్సు కిటికీ.

నంబర్ల విషయంలో ఒక తిరకాసు ఉంది. క్లిప్పర్‌కు తగిలించే దువ్వెనల్లో ఒక్కో నంబరు అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే ఒకటి 3 మిల్లీమీటర్లు, రెండు 6, మూడు దాదాపు 10, నాలుగు 13. కానీ మన మార్కెట్‌లో దొరికే చాలా ట్రిమ్మర్ల మీద నంబర్లు నేరుగా మిల్లీమీటర్లలోనే ఉంటాయి. ఒక షాపులో "మూడు పెట్టన్నా" అని అలవాటైన మనిషి, ఇంకో షాపులో అదే మాట అంటే 10 ఉండాల్సినచోట 3 అవుతుంది. గుండుకు అట్టే దూరం ఉండదు! కొత్త చోట నంబరు చెప్పకుండా "ముందు పెద్దది పెట్టు, చూసి తగ్గిద్దాం" అనడమే క్షేమం. తగ్గించడానికి ఎప్పుడైనా వీలుంటుంది.

అతను అడిగే ప్రశ్నలు కూడా గమనించండి. "మీడియమా, షార్టా?" దగ్గరే ఆగిపోతే అది అతని అలవాటు కటింగ్, మీకోసం చేసేది కాదు. పాపిడి ఏ పక్క, హెల్మెట్ పెడతారా, కిందటిసారి ఎప్పుడు చేయించారు, ఆఫీసుకా కాలేజీకా అని అడిగేవాడు మీ తల గురించి ఆలోచిస్తున్నాడు. జుట్టు పలచబడుతున్నచోట నిజాయితీ ఇంకా తొందరగా తెలుస్తుంది. మంచివాడు పక్కలు తగ్గించి పైన ఒత్తుగా కనిపించేలా సర్దుతాడు. ఇంకొకడు కత్తెర తీయకముందే హెయిర్ ఫాల్ ట్రీట్‌మెంట్ ధర చెబుతాడు.

ధర దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. పెద్ద చెయిన్ సెలూన్‌లో కట్టే డబ్బు అద్దెకు, ఏసీకి, ప్రకటనకు కూడా పోతుంది. సెలూన్ సేవల మీద జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న షాపుకు ఆ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. తెలంగాణలో నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. చిన్న షాపులో ధర తక్కువుందంటే చెయ్యి తక్కువని అర్థం చేసుకోవడానికి ఏ ఆధారమూ లేదు. చెయిన్ సెలూన్‌లో నల్ల ఏప్రన్ కట్టుకున్నతను నిన్నటిదాకా గాంధీ బొమ్మ సెంటర్‌లో కత్తెర పట్టినతనే అయ్యుండొచ్చు. కాకపోతే శుభ్రతకు ఒక పద్ధతి రాసుకుని, దాన్ని పాటించే అవకాశం పెద్ద షాపుకు ఎక్కువ. పాటిస్తున్నారో లేదో మళ్ళీ బెంచీ మీద కూర్చునే చూడాలి.

చేయకూడని పనుల్లో మొదటిది మెడ విరవడం. కటింగ్ అయ్యాక తలకు మసాజ్ చేసి, గడ్డం కింద చెయ్యి వేసి అటొకసారి ఇటొకసారి 'టక్'మనిపించడం మన సెలూన్లలో ఉచిత సేవ. చాలామందికి అదే ఇష్టం కూడా. మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు కొన్ని మెడ ఎముకల సందుల్లోంచే వెళతాయి. ఒక్కసారిగా తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చిరిగితే, అక్కడ రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. అరుదు, కానీ కల్పితం కాదు. సెలూన్‌లో మెడ వెనక్కి వంచి తల కడిగించుకున్నాక పక్షవాతం లక్షణాలు వచ్చిన మహిళల గురించి 1993లోనే ఒక అమెరికన్ న్యూరాలజిస్ట్ రాశారు. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ళ మహిళకు అలాగే జరిగిందని ఆమెను చూసిన వైద్యుడు చెప్పాక ఇక్కడి పత్రికల్లోనూ వచ్చింది. నూనె పెట్టి తల మర్దన చేయించుకోండి, హాయిగా ఉంటుంది. "మెడ జోలికి రాకు తమ్ముడూ" అని మాత్రం మొదట్లోనే చెప్పండి, ఎందుకంటే చెయ్యి గడ్డం కిందకు వచ్చాక చెప్పే వ్యవధి ఉండదు. ఈ మాట విని నవ్వేసి మళ్ళీ అదే చేయబోయేవాడి దగ్గరికి, ఎంత బాగా కత్తిరించినా, నేనైతే వెళ్ళను.

మిగతావి చప్పున చెప్పేస్తాను. జుట్టుకు వేసే నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. చెవి వెనక కాస్త రాసి 48 గంటలు చూడకుండా కొత్త రంగు వేయించుకోవద్దు. స్ట్రెయిటెనింగ్ క్రీముల్లో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉందని జనం మానుకుంటుంటే, దాని బదులు గ్లైఆక్సిలిక్ యాసిడ్ వచ్చింది. అది వాడిన సెలూన్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న మూడుసార్లూ ఒక యువతి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఫ్రాన్స్ వైద్యులు 2024లో ప్రకటించారు. మెడ వెనక గింజల్లాంటి గడ్డలు వచ్చేవాళ్ళు అక్కడ బ్లేడు పెట్టించుకోకూడదు, పెట్టిన కొద్దీ ముదురుతాయి. గడ్డం మీద వెంట్రుక లోపలికి తిరిగి కురుపులు లేచేవాళ్ళు రెండోసారి ఎదురు గీయొద్దని చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు ఆ మాట ముందే చెబితే అతనూ జాగ్రత్త పడతాడు. ముఖానికి అతను రాసే క్రీము మీద పేరు లేకపోతే రాయించుకోకండి.

మంచి చెయ్యి దొరికిందని ఒక్క కటింగ్‌తో నిర్ణయించేయొద్దు. కనీసం మూడు చూడండి. మొదటిసారి అతనికి మీ తల కొత్త. రెండోసారి, "పోయినసారి చెవి వెనక తొందరగా ఉబ్బింది, సుడి దగ్గర లేచింది" అని చెప్పండి, కుదిరితే ఫొటో చూపించండి. నొచ్చుకుంటాడని మొహమాటపడక్కర్లేదు. పని తెలిసినవాడికి ఇలాంటి కబురు పనికొస్తుంది. దాన్ని మూడోసారి ఎంతవరకు సరిచేశాడో చూస్తే మీకు కావలసిన జవాబు దొరుకుతుంది. పెళ్ళిలాంటి రోజున కొత్త చేతిని పరీక్షించకండి. పెళ్ళికొడుకైనా నాలుగైదు రోజుల ముందు, అలవాటైన చోటే చేయించుకోవాలి. తప్పేదైనా ఉంటే సర్దుకోవడానికి జుట్టుకు ఆమాత్రం వ్యవధి కావాలి.

అలవాటైన మనిషి షాపు మారడం ఈ వృత్తిలో మామూలే. కుర్చీ లెక్కన సగం వాటాకు పనిచేసేవాళ్ళు, ఊరు వెళ్ళి తిరిగొచ్చి వేరేచోట చేరేవాళ్ళు చాలామంది. ఫోన్ నంబరు తీసుకుని పెట్టుకోండి. మంచానపడ్డ తాతయ్యకు ఇంటికొచ్చి గడ్డం తీయాల్సినప్పుడు కూడా ఆ నంబరే అక్కరకొస్తుంది. వెళ్ళే రోజు కూడా చూసుకోవాలి. ఆదివారం పొద్దున ఎంత మంచి చెయ్యైనా వెనక బెంచీ మీదున్న ఎనిమిది మందిని చూసి పరుగెడుతుంది. బుధవారమో గురువారమో మధ్యాహ్నం వెళితే అదే మనిషి, అదే ధరకు, రెండింతలు తీరిగ్గా చేస్తాడు. మంగళవారం మాత్రం చాలా ఊళ్ళలో షట్టరు దించే ఉంటుంది.